రెండు పాయింట్ మూడు డెసిబెల్స్ దిష్టి

సునీల్‌కుమార్‌తో నేను మాట్లాడిన మొదటి మాట, "జెర ఊపిరి ఆపుతరా?"

ప్రేమకథలో అమ్మాయి మొదటి మాట ఇలా ఉండకూడదని నాకూ తెలుసు. కానీ ఆ రోజు అతనికి జలుబు. నా మైక్ పక్కనే నిలబడి మూడు సెకన్లకోసారి ముక్కు ఎగబీలుస్తున్నాడు. ఆ ఎగబీల్పు నా మీటర్లో అరవై రెండు డెసిబెల్స్ చూపిస్తోంది.

"ఊపిరా?" అన్నాడు.

"ముప్పై సెకన్లు సాలు."

నిజంగానే ఆపాడు. బుగ్గలు పొంగించి, కళ్ళు పెద్దవి చేసి, బావిలో మునక వేసినవాడిలా నిలబడ్డాడు. ముప్పై సెకన్లు అయ్యాక చెప్పడం నేను మరిచిపోయాను. నలభై ఐదో సెకనులో అతనే బుస్సున వదిలి గోడ పట్టుకున్నాడు.

"చెప్పాలె గద మేడమ్. సచ్చిపోతుంటి."

"సారీ. రీడింగ్ మంచిగొస్తున్నదని ఇంకొంచెం తీసుకున్న."

నా పేరు నిషిత. మా ఊరు భానూరు. పటాన్‌చెరులో ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో పని చేస్తాను. యూరప్‌కు పోయే మెషీన్లు ఎంత చప్పుడు చేస్తాయో, ఎంత వణుకుతాయో కొలిచి రాసివ్వడం మా పని. ఊరి బడిలో మా సారు నా ప్రోగ్రెస్ కార్డు మీద ఐదేళ్ళూ ఒకటే మాట రాశారు: "నెమ్మదస్తురాలు. మాట్లాడదు." అది చూసి మా అమ్మ బాధపడేది. ఇప్పుడు ఆ మాటకే నాకు ఉద్యోగం. కదలకుండా, నోరు మెదపకుండా నిలబడి ఇంకొకరి చప్పుడు రాసుకోవడంలో పటాన్‌చెరు మొత్తంలో నన్ను మించినవాళ్ళు లేరని నా నమ్మకం. గర్వపడటానికి మనిషికి ఏదో ఒకటి ఉండాలి కదా.

సునీల్‌కుమార్ వాళ్ళ ఫ్యాక్టరీ ఇస్నాపూర్ చౌరస్తా నుంచి చిట్కుల్ పోయే దారిలో ఒక రేకుల షెడ్డు. మందుల కంపెనీలకు పౌడర్ జల్లించే మెషీన్లు తయారు చేస్తారు. జల్లెడంటే మా అమ్మ చేతిలో ఉండేదే. కాకపోతే ఇది నా అంత ఎత్తు, ఒళ్ళంతా స్టీలు, కడుపులో మోటరు. దాన్ని కొంటున్న జర్మనీ కంపెనీది ఒకటే షరతు. ఆపరేటర్ నిలబడే చోట చప్పుడు ఎనభై డెసిబెల్స్ దాటకూడదు.

ముందు అన్నీ ఆపేసి, మెషీన్ లేనప్పుడు షెడ్డులో ఎంత చప్పుడుందో కొలవాలి. తర్వాత మెషీన్ నడిపి కొలవాలి. ఊపిరి ఆపమన్నది మొదటిదానికోసం. రెండోది కొలిస్తే ఎనభై రెండు పాయింట్ ఆరు వచ్చింది.

"మీ మీటర్ తప్పు జూపిస్తున్నది," అన్నాడు సునీల్‌కుమార్.

నేను వాదించను. నాకు రాదు. సంచిలోంచి క్యాలిబ్రేటర్ తీసి మైక్‌కు తొడిగాను. అది ఎప్పుడూ ఒకే ఒక చప్పుడు చేసే చిన్న డబ్బా. సరిగ్గా తొంభై నాలుగు. మీటర్ తొంభై నాలుగు చూపించింది. మీటర్ని అతనివైపు తిప్పి పట్టుకున్నాను.

అతను మీటర్ని చూశాడు, నన్ను చూశాడు, మెషీన్ని చూశాడు. "అయితే నేనే తప్పు," అన్నాడు.

ఇంత తొందరగా ఒప్పుకున్న ఇంజనీర్ను నేను అంతకుముందు చూడలేదు. అందుకే మిగతా గంటంతా చూశాను. మెషీన్ మూత బిగించే క్లాంపులు అతను సొంతంగా గీసిన కొత్త డిజైన్ అట. వాటి కింద రబ్బరు గట్టిపడి మూత అదురుతోందని పది నిమిషాల్లో పట్టేశాడు. పని చేస్తున్నంతసేపూ ఫోర్‌మన్ కిష్టప్పతో మాట్లాడుతూనే ఉన్నాడు. కిష్టప్ప అతనికి సొంత మేనమామ. ముప్పై ఏళ్ళుగా మెషీన్లు బిగించిన మనిషి. ఆ మామ మాత్రం మేనల్లుడి మాటలు వినకుండా నన్నే తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. నేను పట్టించుకోలేదు. నా మొహంలో అంత చూసేది ఏముందిలే అనుకున్నాను.

తర్వాత తెలిసింది, చాలానే ఉందని.

*

రెండోసారి వెళ్ళిన రోజు వాన.

రేకుల షెడ్డు మీద వాన పడితే మా టెస్ట్ చెల్లదు. అయినా అలవాటు కొద్దీ మైక్ పెట్టి కొలిచాను. సునీల్‌కుమార్ నా భుజం మీదుగా తొంగి చూశాడు.

"వాన ఎంత మేడమ్?"

"డెబ్బై తొమ్మిది."

"అంటే వాన పాస్. నా మెషీన్ ఫెయిల్."

నాకు నవ్వొచ్చింది. నా నవ్వుకు చప్పుడుండదు కాబట్టి అతనికి తెలిసే అవకాశం లేదు.

మెషీన్ కోసం ముందే చేసి పెట్టిన చెక్క పెట్టె మీద చెరో మూలన కూర్చున్నాం. చాయ్ వచ్చింది. వాన హోరులో మామూలుగా మాట్లాడితే వినిపించదు. ఇరవై నాలుగేళ్ళ జీవితంలో మొదటిసారి నేను అరిచి మాట్లాడవలసి వచ్చింది.

"ఈసారి పాసయితదా?" అని అరిచాను.

"మీకు గొంతున్నదా?" అని అరిచాడు.

"జెర ఉన్నది."

"వచ్చే శుక్రారం కంటైనర్ పోవాలె మేడమ్. ఎనభై లోపల రాకుంటే నా క్లాంపులు తీసి పాతయి పెడ్తరు. నన్ను అంకలేశ్వర్‌కు పంపుతరంట. గుజరాత్. ఆడ మన పాత మెషీన్లకు నట్లు బిగించుకుంట తిరగాలె."

"ఎన్ని దినాలు?"

"రెండు మూడేండ్లు. ఇక మల్ల ఎవడు డిజైన్ జేయనిస్తడు?"

నేను చాయ్ వైపు చూశాను. ఏదో ఒకటి చెప్పాలి. ఓదార్పు మాటలు నా దగ్గర ఉండవు. ఉన్నదేదో చెప్పాను. "చిన్నప్పుడు మా అమ్మ జల్లెడ పడ్తుంటె నేను కండ్లు మూసుకొని కూసునేదాన్ని. చప్పుడు విని పిండి ఎంత మిగిలిందో చెప్పేదాన్ని."

"కరెక్ట్ జెప్పేదానివా?" అన్నాడు. వెంటనే నాలుక కరుచుకుని, "చెప్పేటోళ్ళా?" అని దిద్దుకున్నాడు.

"దోసెడు అటుఇటు."

అతను నవ్వలేదు. "నాకు గట్ల వినుడు రాదు. నేర్పుతరా?" అన్నాడు. వాన అప్పుడే తగ్గుముఖం పట్టింది. కాబట్టి ఆ ప్రశ్న అతను అరవకుండా అడిగాడు. వాన మీద నాకు చాలా కోపం వచ్చింది.

షెడ్డు సద్దుమణిగాక మెషీన్ ఆన్ చేశాం. అతను మెషీన్‌కు ఆనుకుని, నాకు మూడడుగుల దూరంలో నిలబడ్డాడు. అప్పుడొచ్చింది వాసన. నిమ్మకాయ వాసన. చల్లగా, తాజాగా, అప్పుడే కోసినట్టు.

కిందటిసారి అతని దగ్గర జండూబామ్ వాసన తప్ప ఏమీ లేదు. ఈసారి నిమ్మకాయ. అంటే సబ్బు మార్చాడు. నేను వస్తున్న రోజున సబ్బు మార్చాడు.

మెషీన్లలో వంద రకాల చప్పుళ్ళు విడదీసి ఏది ఎక్కడి నుంచి వస్తోందో చెప్పే నేను, ఒక్క వాసన విషయంలో ఇంత ఘనమైన లెక్క వేశాను. అది గుర్తుంచుకోండి.

రీడింగ్ ఎనభై ఒకటి పాయింట్ మూడు. మూత అదురు పోయింది. కానీ ఎక్కడో సన్నగా, కీచుమంటూ కొత్త చప్పుడు చేరింది.

కిష్టప్ప నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "బిడ్డా, ఆ కర్ర జెర ఎనకకు పెడ్తె పాయింటో రెండు పాయింట్లో తగ్గదా?"

మైక్ స్టాండును అతను కర్ర అంటాడు. నేను జవాబు చెప్పేలోపే సునీల్‌కుమార్ అన్నాడు, "వద్దు మామా. ఆమె కర్ర ఆడనే ఉండనీ. ఎనకకు జరగాల్సింది నా మెషీన్."

ఫెయిల్ అని రాసి, ఒకటి చాలిన చోట రెండు సంతకాలు చేశాను. జాలితో అనుకుంటే పొరపాటు. ఇంకోసారి రావచ్చన్న సంతోషంతో. ఒక మనిషి అంకలేశ్వర్ పోయేలా ఉంటే, నేను మాత్రం మళ్ళీ గురువారం టెస్టుకు ఏ డ్రెస్సు వేసుకోవాలా అని ఆలోచిస్తున్నాను. ఫెయిలయితే అతను పోతాడు. పాసయితే మెషీన్ పోతుంది, నాకు అక్కడ పని ఉండదు. ఎటు చూసినా నాకు మిగిలింది ఒక్క గురువారం.

ఆ సాయంత్రం మా ఊళ్ళో కిరాణా కొట్టులో నిమ్మకాయ సబ్బు కొన్నాను.

"ఏందే, ఒళ్ళంత నిమ్మకాయ వాసనొస్తున్నవ్?" అంది అమ్మ.

"సబ్బు మార్చిన."

"ఎందుకు?"

"ఒంటికి మంచిదంట."

"ఎవడు జెప్పిండు?"

నేను నెమ్మదస్తురాలిని. మాట్లాడలేదు.

*

గురువారం. మర్నాడు పొద్దున కంటైనర్. చెక్క పెట్టె మూత తెరిచి మెషీన్ కోసం కాచుకుని ఉంది.

సునీల్‌కుమార్ వారమంతా నిద్ర పోయినట్టు లేడు. స్ప్రింగులు మార్చాడట, మోటరు దింపి మళ్ళీ ఎక్కించాడట, ప్రతి నట్టూ చేత్తో తడిమాడట. "నేనే ఒక్కణ్ణి నడిపి చూసినప్పుడు ఆ కీచు చప్పుడు లేదు మేడమ్. మీరు రాంగనె వస్తది. ఏందో అర్థమైతలేదు."

"నేను తెస్తున్ననా?"

"గట్లంటలేను," అన్నాడు కంగారుగా. ఈసారి అతనే స్విచ్ బోర్డు దగ్గరికి, నలభై అడుగుల దూరం వెళ్ళి నిలబడ్డాడు. "ఈడైతే ఊపిరి తీసుకోవచ్చు గద?"

కంప్రెసర్ ఆపారు. ఫ్యాన్లు ఆపారు. పనివాళ్ళంతా గోడవారగా నిలబడ్డారు. నేను చెయ్యెత్తాను. మెషీన్ ఆన్ అయింది.

ఎనభై ఒకటి పాయింట్ మూడు.

తెర మీద సన్నని చప్పుళ్ళ వైపు ఒక్క గీత మాత్రం చేలో ఒంటరి జొన్న కంకిలా పైకి లేచి నిలబడింది. దాన్ని చూస్తుండగానే వాసన వచ్చింది. నిమ్మకాయ.

తలెత్తి చూశాను. సునీల్‌కుమార్ నలభై అడుగుల దూరంలో ఉన్నాడు. ఏ సబ్బూ అంత దూరం రాదు.

నా ముంజేయి వాసన చూసుకున్నాను. నాది కాదు. పొద్దున రాసుకున్న నిమ్మకాయను షేర్ ఆటోలో దుమ్ము ఎప్పుడో మింగేసింది.

అయితే అతను సబ్బు మార్చలేదు. వారం రోజులు నేను ఒక మెషీన్ వాసన చూసి మురిసిపోయాను. కానీ ఏడవడానికి టైం లేదు, మెషీన్ నడుస్తోంది. వంగి, ముక్కు ముందుకు పెట్టి మెషీన్ చుట్టూ తిరిగాను. గోడవార వాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. వెనక వైపు, మోటరు ఉండే కింది అరకు చిన్న తలుపు ఉంది. అక్కడ వాసన ఘాటుగా ఉంది. వణుకు కొలిచే సెన్సర్‌ను మైనంతో ఆ తలుపుకు అంటించాను. తెర మీద జొన్న కంకి రెండింతలయింది.

మెషీన్ ఆపమని సైగ చేశాను. "గీ తలుపు తీయుండ్రి."

"దాంట్ల ఏం లేదు బిడ్డా," అన్నాడు కిష్టప్ప. ముప్పై ఏళ్ళ మెషీన్ల హోరుకు గట్టిపడ్డ గొంతు, పిల్లి గొంతయింది.

సునీల్‌కుమార్ పరుగెత్తుకొచ్చి బోల్టులు విప్పి తలుపు తీశాడు.

లోపల, బైండింగ్ వైరుకు గుచ్చి, ఒక నిమ్మకాయ. ఏడు పచ్చిమిరపకాయలు. అడుగున ఒక నల్లజీడి గింజ. మోటరు వేడికి నిమ్మకాయ చెమర్చి మెరుస్తోంది. వైరు కొస స్టీలు గోడకు ఆనుకుని ఉంది. మెషీన్ వణికినప్పుడల్లా అది గోడ మీద వేల సార్లు కొట్టుకుంటోంది.

"మామా," అన్నాడు సునీల్‌కుమార్.

"నేనే రా." కిష్టప్ప తల గోక్కున్నాడు. "నువ్వు అన్ని బిగించినంక కడ్తుంటి. టెస్టయినంక తీస్తుంటి. క్వాలిటీ సారు జూస్తె లొల్లి జేస్తడని."

"ఎందుకు గట్ల?"

కిష్టప్ప నావైపు చూశాడు. "ఈ మేడమ్ ఒచ్చిన మొదటి దినం మెషీన్ ఫెయిలాయె. మాట్లాడదు, నవ్వదు, గంటల తరబడి ఒక్క తీరుగ సూస్తుంటది. గట్ల సూస్తె ఇనుమైనా ఆగుతదా? నువ్వు సొంతంగ చేసిన మెషీన్ రా. దిష్టి తగలదా? పిల్ల మంచిదే. సూపే జెర గట్టిది."

షెడ్డులో కంప్రెసర్ లేదు, ఫ్యాన్లు లేవు, వాన లేదు. అంత నిశ్శబ్దం నేను కొలిచిన ఏ రోజూ రాలేదు. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో, ఐదేళ్ళ ప్రోగ్రెస్ కార్డులను మంటగలుపుతూ, నా నోరు తెరుచుకుంది.

"నేను మెషీన్‌ను సూడలే కాకా."

మాట బయట పడ్డాక గానీ దాని అర్థం నాకే తెలియలేదు. గోడవార నిలబడ్డవాళ్ళకు నాకంటే ముందే తెలిసింది. అందరూ ఒక్కసారి సునీల్‌కుమార్ వైపు తిరిగారు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"మరి దేన్ని జూసిన్రు?" అన్నాడు మెల్లగా.

"రీడింగ్ తీసుకుందాం," అన్నాను. "అందరు జెర మాట్లాడకుండ ఉండుండ్రి."

నిమ్మకాయ తీసేశాక డెబ్బై తొమ్మిది పాయింట్ సున్నా.

వాన ఎంతో మెషీన్ కూడా అంతే. పాస్. పనివాళ్ళు చప్పట్లు కొట్టారు. సునీల్‌కుమార్ తన క్లాంపు మీద చెయ్యి వేసి, పందెం గెలిచిన ఎద్దును నిమిరినట్టు నిమిరాడు. నేను తీసివేత చేసి చూసుకున్నాను. నా దిష్టి రెండు పాయింట్ మూడు డెసిబెల్స్. సొంత దిష్టిని మీటర్ పెట్టి కొలుచుకున్న మనిషి ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు.

స్టాండు మడుస్తుంటే అతను వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఎట్ల కనుక్కున్నరు?"

"వాసన."

"ఇయ్యాలనే వచ్చిందా?"

అబద్ధం చెప్పవచ్చు. కానీ పొద్దున్నుంచి నిజాలు చెప్పే మీటర్ పట్టుకుని ఉన్నాను. "పోయినసారి సంది."

"మరి పోయినసారే ఎందుకు చెప్పలే? వారం దినాలు నిద్ర లేదు నాకు."

"మీ సబ్బనుకున్న."

అతను తన ముంజేయి వాసన చూసుకున్నాడు. తర్వాత, "నాది వేప సబ్బు మేడమ్," అన్నాడు.

ఇక అక్కడ ఉండటానికి నాలో ఏమీ మిగల్లేదు. సంచి భుజానికేసుకుని, గేటు దాటి, కనిపించిన మొదటి షేర్ ఆటో ఎక్కాను. అది ఇస్నాపూర్ వైపు కాకుండా చిట్కుల్ వైపు పోతోందని రెండు కిలోమీటర్ల తర్వాత తెలిసింది.

*

రిపోర్టు రాసేటప్పుడు మా ల్యాబ్ ఇన్‌చార్జి నాగరత్నం మేడమ్‌ను అడిగాను. "మేడమ్, తీసేసిన వస్తువుల కాలమ్‌ల నల్లజీడి గింజను ఏమని రాయాలె?"

ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఉన్నది ఉన్నట్టు రాయి. జర్మనీవాళ్ళు కూడా నేర్చుకుంటారు."

మెషీన్ ఓడెక్కింది. ఒక వారం గడిచింది, రెండో వారం సగమైంది. సబ్బు అరిగిపోయింది. కొత్తది కొనలేదు.

ఆ బుధవారం మధ్యాహ్నం నేను మీటర్లకు క్యాలిబ్రేషన్ చేస్తుంటే నాగరత్నం మేడమ్ పిలిచింది. "నిషితా, నీకోసం ఎవరో వచ్చారు. రిపోర్టు కాపీ కావాలంటున్నాడు. మెయిల్లో పంపాం కదా అంటే, చేతికే కావాలట."

సునీల్‌కుమార్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా. అతను లోపలికి అడుగుపెట్టగానే ల్యాబ్ అంతా నిమ్మకాయ వాసన.

ఒకసారి దెబ్బ తిన్నా నాకు బుద్ధి రాలేదు. గుండె మళ్ళీ పాత లెక్కే వేసింది.

"సబ్బు మార్చిన్రా?" అన్నాను.

"లేదు మేడమ్." జేబులోంచి నిమ్మకాయ తీసి చూపించాడు. "మామ పెట్టిండు. మీ దగ్గరికి పోతున్న అంటే, ఉత్త చేతులతోటి పోకురా అన్నడు."

నేను మొహం ఎక్కడ పెట్టుకోవాలా అని చూశాను. టేబుల్ మీద ఖాళీ లేదు.

"అంకలేశ్వర్ క్యాన్సిల్," అన్నాడు. "జర్మనీవాళ్ళు ఇంకో ఆరు మెషీన్లు అడిగిన్రు. ఆరు టెస్టులు."

"మంచిది."

"ఇంకోటి. మామ ఒక మాట కనుక్కొని రమ్మన్నడు. మీ సూపు మెషీన్ మీద గాకుంటె దేని మీదనో అడగమన్నడు. మనిషి మీదైతె, ఇగ సంది మెషీన్‌కు కట్టుడు బంద్ జేసి ఆ మనిషికే కడ్తడంట."

నాగరత్నం మేడమ్ టైప్ చేయడం ఆపేసింది. ల్యాబ్‌లో ఏసీ హమ్ తప్ప ఏమీ లేదు. నలభై రెండు డెసిబెల్స్ ఉంటుంది.

"అది తీసి పక్కన పెట్టుండ్రి," అన్నాను.

"ఏది?"

"నిమ్మకాయ. అదుంటె రీడింగ్ సరిగ రాదు."

టేబుల్ అంచు మీద ఒక మీటర్‌ను జరిపి నిమ్మకాయ పెట్టాడు. చేతులు కట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. నేను చూశాను. మామూలుగా మెషీన్లను చూసినట్టే, కదలకుండా, ఒక్క తీరుగా, దిష్టి తగిలితే తగలనీ అని. అతను బుగ్గలు పొంగించి ఊపిరి బిగబట్టాడని చాలాసేపటికి గానీ తెలియలేదు.

"ఇగ ఊపిరి తీసుకో," అన్నాను.

ఆ సాయంత్రం నిమ్మకాయ నా సంచిలో ఇంటికి వచ్చింది. అమ్మ సంచిలోంచి టిఫిన్ డబ్బా తీస్తూ దాన్ని చూసింది. సబ్బుకు, నిమ్మకాయకు, నా మొహానికి మధ్య లెక్క కట్టడానికి ఆమెకు ఏ మీటరూ అక్కర్లేదు.

"సబ్బు సంగతి చెప్పినోడేనా?"

"ఆఁ."

"ఏం జేస్తడు?"

"జల్లెడలు."

అమ్మ డబ్బా పక్కన పెట్టింది. "మాట్లాడ్తడా?"

"ఆపుడే కష్టం."

"అయితే ఒకసారి రమ్మను," అంది అమ్మ, నిమ్మకాయను కిటికీలో పెడుతూ. "గీ ఇంట్ల ఒక్కలన్న మాట్లాడాలె."